3.8 పీపీఎం ఫ్లోరైడ్ 0.2 మోలార్ ఎట్లయితది? యూనిట్ల కాడ తప్పు ఎక్కడ పడుతున్నదో చెప్తా

తమ్మీ, నువ్వు అడిగింది ముందు పెడ్త, చదివే మిగతోళ్లకు కూడా సంగతి తెలుస్తది. నువ్వు బీఎస్సీ ఫస్టియర్, మీ ఊరు మునుగోడు దిక్కు. ప్రాజెక్టు కోసం ఇంటి బోరు నీళ్లు టెస్ట్ చేయిస్తే ఫ్లోరైడ్ 3.8 పీపీఎం అని కాయితం ఇచ్చిన్రు, సార్ దాన్ని మోలారిటీల, అంటే లీటర్‌కు ఎన్ని మోల్స్ అని, రాయమన్నడు, నువ్వు 3.8ని 19తోటి భాగించి 0.2 మోలార్ అని రాసినవ్, సార్ కొట్టేసిండు గానీ ఎందుకో చెప్పలే. ఇంకోటి, గ్యాస్ లెక్కలల్ల ప్రతిసారి వెయ్యి రెట్లు తేడా వస్తున్నదన్నవ్. ఆఖరికి, పరీక్షల ప్రతి లైనుకు యూనిట్లు రాసుకుంట కూసుంటే టైం ఏడికెల్లి వస్తదని అడిగినవ్.

నేను నల్లగొండల నీళ్ల టెస్టింగ్ ల్యాబ్‌ల 22 ఏండ్లు పనిచేసిన, ఇప్పుడు ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్తున్న. యూనిట్లు అంటే లెక్క అయిపోయినంక చివర్ల తగిలించే తోక అని చానామంది అనుకుంటరు, అక్కడ్నే మొదలయితది అసలు కష్టమంత.

నీ లెక్కనే చూద్దాం. నీ భాగహారం కరెక్టే, 3.8ని 19తోటి కొడితే 0.2 నే వస్తది. కానీ ఆ 3.8 లీటర్‌కు మిల్లీగ్రాములు (నీళ్లల్ల పీపీఎం అంటే గిదే, ఎందుకో కింద చెప్తా), ఆ 19 ఏమో ఒక మోల్ ఫ్లోరైడ్ బరువు, గ్రాములల్ల. మిల్లీగ్రాములను గ్రాములతోటి భాగిస్తే వచ్చేది మోల్ కాదు, మిల్లీమోల్. నువ్వు ఉత్త అంకెలు రాసినవ్ కాబట్టి నీకు ఆ తేడా కనపడలే. ఇట్ల రాసి చూడు:

3.8 మి.గ్రా/లీ × (1 గ్రా ÷ 1000 మి.గ్రా) × (1 మోల్ ÷ 19 గ్రా) = 0.0002 మోల్/లీ

మి.గ్రా పైన ఒకటి కింద ఒకటి కొట్టుడు పోయినయి, గ్రాములు కూడా కొట్టుడు పోయినయి, మిగిలింది మోల్/లీ. అంటే 2.0 × 10⁻⁴ మోలార్, లేకపోతే 0.2 మిల్లీమోలార్ అను, రెండూ ఒకటే. బ్రాకెట్లల్ల పెట్టినవి ఉన్నయి కదా, వాటి విలువ ఒకటి. 1 గ్రాము, 1000 మిల్లీగ్రాములు ఒకటే బరువు కాబట్టి ఒకదాన్ని ఇంకోదానితోటి భాగిస్తే 1 వస్తది, 1తోటి ఎన్నిసార్లు గుణించినా అసలు పరిమాణం మారదు, దాన్ని చెప్పే యూనిట్ మాత్రం మారుతది. మోల్, 19 గ్రాముల బ్రాకెట్ కూడా గంతే, 19 గ్రాముల ఫ్లోరైడ్ అంటే ఒక మోల్ ఫ్లోరైడే. ఎప్పుడు గుణించాలె ఎప్పుడు భాగించాలె అని బట్టీ పట్టుడు ఇగ అక్కర లేదు, ఏది కొట్టుడు పోవాలెనో అది కింద పెట్టు, అయిపాయె.

ఇంకోటి, జవాబు రాంగనే ఒక్క నిమిషం ఆగి అది నిజంగ అయ్యేదేనా అని చూడాలె. 0.2 మోలార్ ఫ్లోరైడ్ అంటే లీటర్‌కు 3.8 గ్రాములు, అంటే లీటర్ నీళ్లల్ల ఎనిమిది గ్రాములకు పైన సోడియం ఫ్లోరైడ్ కలిపినట్టు. అసోంటి నీళ్లు తాగితే ప్రాణం మీదికే వస్తది, మీ ఇంట్ల అందరు ఆ బోరు నీళ్లు తాగి తిరుగుతున్నరంటేనే 0.2 మోలార్ కాదని తెలిసిపోవాలె. ఉత్త నీళ్లే లీటర్‌కు 55.5 మోల్స్ ఉంటయి, చిక్కటి సల్ఫ్యూరిక్ యాసిడ్ 18 మోలార్ చిల్లర. నీ జవాబు 600 మోలార్ అని వచ్చిందనుకో, పుస్తకం వెనక జవాబు చూడకముందే తప్పని చెప్పొచ్చు.

మన దిక్కు భూమి లెక్క చూడు. పాసుబుక్కుల 3.12 అని ఉంటే మనకు 3 ఎకరాల 12 గుంటలు, ఎకరానికి 40 గుంటలు, అంటే మామూలు దశాంశంల అది 3.30 ఎకరాలు. అదే 3.12ను కృష్ణకు అవతల గుంటూరాయనకు చూపిస్తే 3 ఎకరాల 12 సెంట్లు అంటడు, వాళ్లకు ఎకరానికి 100 సెంట్లు. అంకె ఒకటే, చుక్క కూడా అక్కడ్నే ఉంది, తేడా 18 సెంట్లు, గజాలల్ల చెప్తే 870 గజాలు పైన. ఎవ్వలూ అబద్ధం ఆడలే, చుక్క తర్వాత ఉన్నది గుంటలా సెంట్లా అన్నది రాయలేదు, గంతే. తులం కూడా గట్లనే, పాత లెక్కల 11.66 గ్రాములు, ఇప్పుడు బంగారం షాపుల తులం అంటే 10 గ్రాములు. నీ రికార్డుల "3.8" అని ఒట్టిగ రాసుడు కూడా ఇసోంటిదే.

ఇప్పుడు అసలైన సంగతి చెప్తా, ఎందుకంటే పది రెట్లు వెయ్యి రెట్ల తప్పయితే ఎప్పుడో ఒకప్పుడు కంట్ల పడుతది, రెండు రెట్ల తప్పు మాత్రం పడదు. యూనిట్ రాస్తే సరిపోదు తమ్మీ, అది దేని యూనిట్ అన్నది కూడా రాయాలె. మిల్లీగ్రాములు సరే, దేని మిల్లీగ్రాములు?

నేను ల్యాబ్‌ల చేరిన మొదటి ఏడాది ఫ్లోరైడ్ స్టాండర్డ్ తయారు చెయ్యమన్నరు, లీటర్‌కు 100 మి.గ్రా. నేను సోడియం ఫ్లోరైడ్ 100 మి.గ్రా జాగ్రత్తగ తూకం వేసిన, లీటర్ ఫ్లాస్కుల గీత దాకా నీళ్లు పోసిన, సీసా మీద "100 మి.గ్రా/లీ" అని లేబుల్ అతికిచ్చిన. తూకంల పొరపాటు లేదు, యూనిట్‌ల పొరపాటు లేదు. కానీ సోడియం ఫ్లోరైడ్ అంతా ఫ్లోరైడ్ కాదు కదా, దాని మోలార్ మాస్ 42, అండ్ల ఫ్లోరిన్ 19, సోడియం 23. లీటర్‌కు 100 మి.గ్రా ఫ్లోరైడ్ కావాలంటే 221 మి.గ్రా సోడియం ఫ్లోరైడ్ తూకం వెయ్యాలె. నా సీసాల ఉన్నది నిజానికి 45 మి.గ్రా ఫ్లోరైడ్. దాన్నే 100 అనుకొని మిగతా నీళ్లను పోల్చి చూసినం కాబట్టి ప్రతి శాంపిల్ 2.21 రెట్లు ఎక్కువ చూపించింది. ఒక ఊర్ల బడి పక్కన బోరింగు నిజానికి 0.9 ఉంటే నా కాయితంల 2.0 వచ్చింది. బోరింగుకు ఎర్ర రంగు కొట్టిన్రు, తాగొద్దన్నరు, పన్నెండు దినాలు ఆ ఊరి ఆడోళ్లు పొలాల కాడి బాయికి పోయి బిందెలు మోసుకొచ్చిన్రు. మా సీనియర్ పాత రిజిస్టర్ తీసి చూస్తే అదే బోరింగుకు ముందటేడు 0.9 ఉంది. ఆయన నన్ను తిట్టలే, ఆ సీసా తెచ్చి నా ముందట పెట్టి, "100 అని రాసినవ్, దేని 100?" అని ఒక్కటే అడిగిండు. నా దగ్గర జవాబు లేదు. ఆ దినం నుంచి నేను అతికిచ్చిన ప్రతి లేబుల్ మీద పదార్థం పేరు ఉంది.

గందుకే ఫ్లోరైడ్ రిపోర్టుల "ఫ్లోరైడ్ అయాన్‌గా" అని రాస్తరు, నైట్రేట్ రిపోర్టుల ఇంకా జాగ్రత్తగ చూడాలె. మన ఇండియా స్టాండర్డుల తాగునీళ్లల్ల నైట్రేట్ 45 మి.గ్రా/లీ దాటొద్దు అని ఉంటది, అమెరికా వాళ్లది 10 మి.గ్రా/లీ. చూస్తే వాళ్లు మనకంటే నాలుగున్నర రెట్లు గట్టిగ ఉన్నరు అనిపిస్తది కదా, కాదు. మనది నైట్రేట్ మొత్తం బరువు, వాళ్లది అండ్ల ఉన్న నైట్రోజన్ బరువు ఒక్కటే. నైట్రేట్ 62, నైట్రోజన్ 14, 45 × 14 ÷ 62 = 10.2. రెండూ ఇంచుమించు ఒకటే లిమిట్.

మీ ఇంట్ల డీఏపీ బస్తా ఉంటే దాని మీద చూడు, 18-46 అని ఉంటది. 18 నైట్రోజన్ శాతమే, కానీ 46 ఫాస్ఫరస్ కాదు, పీ2ఓ5 (ఫాస్ఫరస్ పెంటాక్సైడ్) లెక్కల చెప్పిన శాతం. బస్తాల పీ2ఓ5 అనే పదార్థం అసలు ఉండదు, అది పాతకాలం నుంచి వస్తున్న లెక్క పద్ధతి. 50 కేజీల బస్తాల 23 కేజీల పీ2ఓ5 అంటే 23 × 62 ÷ 142, అంటే పది కేజీల ఫాస్ఫరస్. యూరియా బస్తా మీది 46 మాత్రం నికరంగ నైట్రోజనే. రెండు బస్తాల మీద 46 అనే అంకె ఉంటది, అర్థాలు వేరు.

ఇది ఉత్త నీళ్ల ల్యాబోళ్ల గోల అనుకోకు. మోల్ అంటే 6.02214076 × 10²³ కణాలు, 2019 మే 20 నుంచి ఇదే కచ్చితమైన నిర్వచనం, కానీ అదే ఎస్ఐ (అంతర్జాతీయ కొలతల) పద్ధతి ఇంకో మాట కూడా చెప్తది, మోల్ అని వాడినప్పుడు దేని మోల్‌లో, అణువులా అయాన్లా పరమాణువులా, చెప్పి తీరాలె అని. "ఒక మోల్ ఆక్సిజన్" అంటే 16 గ్రాములా 32 గ్రాములా అని పరీక్షల తికమక పడేది గిక్కడ్నే.

ల్యాబ్‌ల ఇదే తప్పు ఇంకో రూపంల వస్తది, నీళ్లు పట్టుకొని ఉన్న ఉప్పులు. మైలుతుత్తం తీసుకో, ఆ నీలం పలుకులల్ల ఒక్కో కాపర్ సల్ఫేట్‌కు ఐదు నీటి అణువులు ఉంటయి, మోలార్ మాస్ 249.7. నీళ్లు లేనిదైతే 159.6. నీకు 250 మి.లీ 0.1 మోలార్ ద్రావణం కావాలంటే 0.025 మోల్ కావాలె, నీలం పలుకులైతే 6.24 గ్రాములు, పిల్లలు 159.6 పట్టుకొని 3.99 గ్రాములు వేస్తరు, టైట్రేషన్ కుదరక బ్యూరెట్‌ను తిడ్తరు. డబ్బా మీద ఏం రాసి ఉందో ఆ మోలార్ మాసే తీసుకోవాలె. మన ఊరి పేరుతోనే నల్గొండ టెక్నిక్ అని ఉంది తెలుసు కదా, నాగపూర్‌ల ఉన్న నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) వాళ్లు తయారు చేసిన పద్ధతి, పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి ఫ్లోరైడ్ తగ్గిస్తరు. అండ్ల పటిక డోసు లీటర్‌కు 500 మి.గ్రా అన్నరంటే పటిక మొత్తం బరువు అది, అల్యూమినియం బరువు కాదు. 40 లీటర్ల బకెట్‌కు 20 గ్రాములు. పదునెనిమిది నీటి అణువులున్న పటికైతే ఆ 20 గ్రాములల్ల అల్యూమినియం 1.6 గ్రాములే. 500ను అల్యూమినియం అనుకొని లెక్క కడితే పన్నెండు రెట్ల పటిక పడుతది.

నీ ప్రాజెక్టుకు పనికొచ్చే ముక్క ఒకటి చెప్తా, మార్కులు కూడా వస్తయి. మన దిక్కు గ్రానైట్ రాళ్లల్ల ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలు ఉంటయి, నీళ్లు వాటిని ఒరుసుకుంట పోయి ఫ్లోరైడ్ పట్టుకుంటయి. నీళ్లల్ల కాల్షియం బాగుంటే కాల్షియం ఫ్లోరైడ్‌గా అడుగుకు దిగి ఫ్లోరైడ్ ఒక హద్దు దాటదు, కాల్షియం తక్కువున్న కాడ ఆ అడ్డు లేదు. దీన్ని లెక్కల చూపెట్టు. కాల్షియం ఫ్లోరైడ్ కేఎస్పీ (కాల్షియం గాఢతను ఫ్లోరైడ్ గాఢత వర్గంతోటి గుణిస్తే వచ్చేది దాటని హద్దు) 25 డిగ్రీల కాడ సుమారు 3.5 × 10⁻¹¹, నీ పుస్తకంల కొంచెం అటుఇటు ఉండొచ్చు. ఈ కేఎస్పీల పెట్టాల్సింది మోల్/లీ మాత్రమే, 3.8 అని పెడితే మొత్తం పోతది. నీ ఫ్లోరైడ్ 2 × 10⁻⁴, దాని వర్గం 4 × 10⁻⁸, 3.5 × 10⁻¹¹ను దానితోటి భాగిస్తే కాల్షియం 8.75 × 10⁻⁴ మోల్/లీ. అంటే నీ బోరుల గా ఫ్లోరైడ్ నిలబడాలంటే కాల్షియం సుమారుగ గింతకు మించి ఉండొద్దు. దాన్ని 40తోటి గుణించు, 35 మి.గ్రా/లీ, ఇది కాల్షియంగా. కానీ ల్యాబ్ రిపోర్టుల హార్డ్‌నెస్ ఎప్పుడూ కాల్షియం కార్బొనేట్ లెక్కల ఇస్తరు, మోలార్ మాస్ 100, అప్పుడు అదే కాల్షియం 87.5 మి.గ్రా/లీ అయితది. ఒకటే కాల్షియం, మూడు అంకెలు, 0.875 మిల్లీమోల్, 35 మి.గ్రా, 87.5 మి.గ్రా. మీ రిపోర్టుల కాల్షియం ఏ లెక్కల ఇచ్చిన్రో చూసి పోల్చు, 87.5ను 35తోటి పోలిస్తే సిద్ధాంతమే తప్పనిపిస్తది.

ఇగ పీపీఎం. పీపీఎం అంటే పది లక్షల భాగాలల్ల ఒక భాగం, నీళ్లల్ల అది మి.గ్రా/లీ తోటి సమానం ఎందుకయింది అంటే లీటర్ నీళ్లు సుమారు కేజీ, కేజీల పది లక్షల మిల్లీగ్రాములు. పలచని నీళ్లకే ఈ సౌకర్యం. లీటర్ కేజీ కాని కాడ ఇది చెల్లదు, డెన్సిటీ మధ్యల రావాలె. ల్యాబ్‌ల చిక్కటి హైడ్రోక్లోరిక్ యాసిడ్ సీసా తీసుకో, 37 శాతం, డెన్సిటీ 1.19 గ్రా/మి.లీ. లీటర్ బరువు 1190 గ్రాములు, అండ్ల 37 శాతం అంటే 440 గ్రాములు, 36.5తోటి భాగిస్తే 12 మోలార్ పైన. డెన్సిటీ మర్చిపోతే 10 మోలార్ వస్తది, నువ్వు పలచన చేసే ప్రతి ద్రావణం అంతమేర తేడా కొడుతది. 500 మి.లీ 0.1 మోలార్ కావాలంటే ఈ యాసిడ్ 4.1 మి.లీ చాలు, నీళ్లల్ల యాసిడ్ పొయ్యి, యాసిడ్‌ల నీళ్లు పొయ్యకు.

గ్యాస్ లెక్కలల్ల నీకు వెయ్యి రెట్లు తేడా వస్తున్నదంటే నాకు చూడకుండనే తెలుసు, నువ్వు పీవీ = ఎన్ఆర్‌టీల ఆర్ (గ్యాస్ స్థిరాంకం) విలువ 8.314 తీసుకొని, ప్రెజర్ పాస్కల్స్‌ల పెట్టి, వాల్యూమ్ లీటర్లల్ల పెడుతున్నవ్. 8.314 జౌల్‌ది, జౌల్ అంటే పాస్కల్ × ఘనపు మీటర్. ఘనపు మీటర్‌ల 1000 లీటర్లు, నీ వెయ్యి గిదే. నేను పిల్లలకు చెప్పే ఉపాయం, ప్రెజర్‌ను కిలోపాస్కల్‌లకు మార్చు, వాల్యూమ్ లీటర్లల్లనే ఉంచు, అప్పుడు కిలోల వెయ్యి, లీటర్ల వెయ్యి ఒకదానికొకటి సరిపోతయి, 8.314 అట్లనే పనిచేస్తది. ఒక మోల్, 273.15 కెల్విన్, 101.325 కిలోపాస్కల్ పెట్టి చూడు, 22.4 లీటర్లు వస్తది. కొత్త పుస్తకాలల్ల 22.7 ఎందుకున్నదంటే, వాళ్లు అట్మాస్ఫియర్ బదులు 1 బార్, అంటే 100 కిలోపాస్కల్ తీసుకున్నరు. రెండూ తప్పు కాదు, ప్రశ్నల ఏ ప్రెజర్ ఇచ్చిన్రో చూసుకోవాలె. టెంపరేచర్ కెల్విన్‌ల పెట్టుడు మర్చిపోకు, 20 డిగ్రీలకెల్లి 40 డిగ్రీలకు పోతే గ్యాస్ రెండింతలు కాదు, 293 నుంచి 313, ఏడు శాతం కూడా పెరగదు.

ఘనపు యూనిట్ల కాడ ఇంకో గుంత ఉంది. మీటర్ అంటే 100 సెంటీమీటర్లు అని తెల్వంది ఎవ్వలకు, కానీ ఘనపు మీటర్ అంటే 100 ఘనపు సెంటీమీటర్లు అని రాసినోళ్లను నేను ఎంఎస్సీల కూడా చూసిన. మీటర్ పొడుగు, మీటర్ ఎడల్పు, మీటర్ లోతు సిమెంట్ తొట్టి కట్టినమనుకో, అది పది లక్షల ఘనపు సెంటీమీటర్లు, 1000 లీటర్లు. మూడు దిక్కుల 100 ఉంది కాబట్టి 100ను మూడుసార్లు గుణించాలె. సాగర్ నీళ్లను పేపరోళ్లు టీఎంసీలల్ల రాస్తరు, వంద కోట్ల ఘనపు అడుగులు. అడుగు 0.3048 మీటర్, దాన్ని మూడుసార్లు గుణిస్తే 0.0283 ఘనపు మీటర్, అంటే ఘనపు అడుగుకు 28.3 లీటర్లు, టీఎంసీకి 2,832 కోట్ల లీటర్లు. సాగర్ ఇప్పటి ఫుల్ కెపాసిటీ 312 టీఎంసీలు అంటే ఎనిమిది లక్షల 83 వేల కోట్ల లీటర్లు. 0.3048ను మూడుసార్లు కాక ఒకసారే వాడినవనుకో, దగ్గర దగ్గర పదకొండు సాగర్లు తయారైతయి.

పరీక్షల టైం సంగతి. ప్రతి లైనుకు యూనిట్ రాయకున్నా పర్లేదు, ఒక్కటి చెయ్యి, లెక్క మొదలుపెట్టకముందే కాయితం కుడి పక్కకు జవాబు ఏ యూనిట్‌ల కావాలెనో రాసి పెట్టు, "మోల్/లీ, ఫ్లోరైడ్" అని. ఆ తర్వాత ప్రశ్నల ఇచ్చిన అంకె దాని యూనిట్‌తోటి ఎడమ పక్కకు. నడుమ ఎన్ని బ్రాకెట్లు కావాలెనో వాటంతట అవే తెలుస్తయి, ఒక్క వరుసల అయిపోతది, క్యాలిక్యులేటర్ ఒక్కసారే నొక్కుతవ్. పెద్ద యూనిట్‌లకు పోతే అంకె చిన్నగ కావాలె, చిన్న యూనిట్‌లకు పోతే పెద్దగ కావాలె, రూపాయలు పైసలు అయినట్టు, గా ఒక్క చూపు చాలు. యూనిట్లు రాయకుండ ఆదా చేసే నిమిషం కంటే తప్పు జవాబును వెతుక్కుంట పోగొట్టే టైమే ఎక్కువ, నా పిల్లలల్ల ప్రతి ఏడు చూస్తున్న.

రికార్డుల ఇట్ల సరిచేసి సార్‌కు చూపెట్టు: ఫ్లోరైడ్, అయాన్‌గా, 3.8 మి.గ్రా/లీ = 2.0 × 10⁻⁴ మోల్/లీ. 2.0 దాకనే రాయి, క్యాలిక్యులేటర్ ఇంకా ఎన్ని అంకెలు చూపెట్టినా సరే, కొలిచిందే రెండు అంకెల దాకా.

అన్నిటికంటే ముఖ్యమైంది, మీ ఇంట్లోళ్లకు చెప్పు. మన స్టాండర్డుల ఫ్లోరైడ్ 1.0 దాకా మంచిది, ఇంకో దిక్కు నీళ్లు దొరకకపోతేనే 1.5 దాకా ఒప్పుకుంటరు. మీది 3.8. మూడు లీటర్లు తాగే మనిషికి దినాం 11.4 మి.గ్రా లోపలికి పోతున్నట్టు. కాగబెట్టి తాగుతున్నం కదా అంటరు పెద్దోళ్లు, కాగబెడితే క్రిములు చస్తయి, ఫ్లోరైడ్ పోదు, నీళ్లే ఆవిరై పోతయి. 10 లీటర్ల మీ బోరు నీళ్లల్ల 38 మి.గ్రా ఫ్లోరైడ్ ఉంటది, కాగి కాగి 8 లీటర్లు అయినా అదే 38 మి.గ్రా, అంటే లీటర్‌కు 4.75. తాగెటందుకు, వంటకు మిషన్ భగీరథ (సర్కారు తాగునీళ్ల పథకం) నల్లా నీళ్లే పట్టుకోమను, ఆ బోరు బట్టలకు, గిన్నెలకు, బర్రెల కొట్టం కడుగుడుకు వాడుకోన్రి.